ఎక్కుడులోనే ఎందుకు చతికిలపడుతుంది?

డోజరు కొండ ఎక్కుతూ బలం కోల్పోతోందని ఎవరైనా కబురు చేస్తే నేను ముందు ఒకటే అడుగుతాను: "పొగ ఏ రంగులో ఉంది?" చాలామంది దగ్గర జవాబుండదు. "పొగ సంగతి చూళ్లేదు మేస్త్రీ, పంపు పోయినట్టుంది, వచ్చి విప్పండి" అంటారు. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపుని ఎప్పుడైనా విప్పొచ్చు. విప్పకుండా తెలుసుకోగలిగినవి తెలుసుకున్నాకే స్పానర్ పట్టుకోవాలన్నది నా పద్ధతి.

నేను డీజిల్ మెకానిక్‌ని. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే ఘాటీలోనూ, అక్కణ్నుంచి లోపలి ఊళ్లకు చీలే మట్టిరోడ్ల మీదా చైన్ డోజర్లు బాగుచేస్తూ బతికినవాణ్ని. టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద నడిచే ట్రాక్టరుకి ముందు బ్లేడు తగిలిస్తే అదే డోజరు. ఇక్కడి కొండదారి పనికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని చాలీచాలని కూలికి తోలిన సంగతి 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు కథలో అందరూ చదివిందే. అప్పుడు మనుషులు గునపాలతో తొలిచిన కొండచరియల్ని ఆ తర్వాతి కాలంలో ఈ యంత్రాలు వెడల్పు చేశాయి.

ముసలి యంత్రాలు ఇంకా ఎందుకున్నాయంటే

చైన్ ట్రాక్టరు పుట్టింది కొండల్లో కాదు, బురదలో. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం స్టాక్టన్ దగ్గర మెత్తటి లంక నేలల్లో ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో వెనక చక్రాలు తీసేసి చైన్లు తొడిగి నడిపి చూశాడు. 1925లో హోల్ట్ కంపెనీ, బెస్ట్ కంపెనీ కలిసి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి. 1931లో అదే కంపెనీ డీజిల్ ఇంజిన్ పెట్టింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అమెరికా సైన్యం వదిలేసి వెళ్లిన ట్రాక్టర్లతో మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టిన బీళ్లను దున్నించింది. ఆ పనికి మరిన్ని ట్రాక్టర్లు కొనడానికే 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్లు అప్పిచ్చింది. 1964లో ప్రభుత్వ కంపెనీ బీఈఎంఎల్ వచ్చాక, జపాన్ కొమాట్సు సహకారంతో డీ50, డీ80 రకం డోజర్లు కోలారు బంగారు గనుల ఊళ్లోనే తయారయ్యాయి.

ఇవి తొందరగా చావవు. లైనర్లు, పిస్టన్లు, చైన్ పిన్నులు, బుష్షులు మార్చుకుంటూపోతే తండ్రి నడిపిన బండిని కొడుకూ నడుపుతాడు. వీటిలో కంప్యూటర్ లేదు, తప్పు ఫలానా చోట ఉందని చెప్పే తెర లేదు. కళ్లు, చెవులు, అరచెయ్యి, కాస్త లెక్క, ఇవే పనిముట్లు. ఆ లెక్కతోనే మొదలుపెడదాం.

రోగం లేకుండానే పోయే బలం

12 టన్నుల డోజరు, 100 హార్స్‌పవర్ ఇంజిన్, టర్బో లేదు అనుకోండి. ఐదు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే దారి. బండి బరువులో దాదాపు ఐదో వంతు, అంటే 2.3 టన్నుల పైచిలుకు, దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. గంటకు 2.5 కిలోమీటర్ల నడకలో ఆ బరువును పైకి మోయడానికే సుమారు 22 హార్స్‌పవర్ కావాలి. బ్లేడు ముందు ఇంకా పిడికెడు మట్టి కూడా లేదని గుర్తుంచుకోండి.

ఇక గాలి. సముద్రమట్టం నుంచి 1000 మీటర్లు పైకి వెళ్తే గాలి సాంద్రత 10 శాతం దాకా తగ్గుతుంది. లంబసింగి ఎత్తు దాదాపు అంతే. టర్బో లేని ఇంజిన్ తనంతట తాను పీల్చుకున్న గాలితోనే బతకాలి కాబట్టి దాని బలం కూడా ఇంచుమించు అంత మేర తగ్గుతుంది. గేరుపెట్టెలో, చైన్లలో సహజంగా పోయేది వేరే. ఏ లోపమూ లేని బండికే మైదానంలో ఉన్న 100లో 30కి పైగా కొండమీద కనబడకుండా పోతుంది.

అందుకే కొత్త ఆపరేటరు "మైదానంలో బాగా లాగింది, ఇక్కడ లాగట్లేదు" అన్నంత మాత్రాన బండికి జబ్బుందని నేను ఒప్పుకోను. నిరుడు ఇదే దారిలో, ఇదే గేరులో ఎలా లాగిందో చెప్పమంటాను. ఆ పోలికలో తేడా వస్తేనే వెతకడం మొదలు.

పొగ రంగు

ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం పది వేల లీటర్ల గాలి కావాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే పొగను చదవడం వచ్చేసినట్టే.

బరువు పడ్డప్పుడు నల్లపొగ దట్టంగా వస్తోందంటే డీజిల్ అందుతోంది, దానికి తగ్గ గాలి అందట్లేదు. ఎయిర్ క్లీనర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, నాజిల్ సన్నటి తుంపరలు కొట్టకుండా ధారగా పోస్తూ ఉండొచ్చు, లేదా మోయలేనంత బరువు మోయిస్తూ ఉండొచ్చు. తెల్లపొగ కళ్లు మండిస్తోందంటే డీజిల్ కాలకుండానే బయటికొస్తోంది. చల్లటి ఇంజిన్‌లో అది మామూలే. వేడెక్కాక కూడా వస్తుంటే కంప్రెషన్ తగ్గిందో, టైమింగ్ తప్పిందో చూడాలి. నీలంపొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది పొగ లేకపోవడం. ఇంజిన్ స్పీడు పడిపోతోంది, ఆపరేటరు థ్రాటిల్ మొత్తం లాగి ఉంచాడు, అయినా సైలెన్సర్ మీద నల్లమరక కూడా లేదు. అంటే ఇంజిన్‌కి గాలి దండిగా ఉంది, డీజిలే చాలట్లేదు. 100 హార్స్‌పవర్ ఇంజిన్ నిండు బరువులో గంటకు సుమారు 20 లీటర్లు, అంటే మూడు నిమిషాలకో లీటరు తాగుతుంది. ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు దానికి కావలసింది రెండు మూడు లీటర్లే. షెడ్డులో నిలబెట్టి ఎంత రేస్ చేసినా బండి బంగారంలా పలుకుతూ, కొండ మొదలవగానే చతికిలపడటానికి కారణం ఈ తేడాయే.

స్పీడు పడుతోందా, నడక పడుతోందా?

రెండో ప్రశ్న ఇది. ఇంజిన్ చప్పుడు తగ్గకుండా చైన్లు మాత్రం నెమ్మదిస్తే తప్పు ఇంజిన్‌ది కాదు. మెయిన్ క్లచ్ జారుతోంది. చేత్తో తోసే క్లచ్ లివర్ ఆఖర్న గట్టిగా టక్కుమని పడాలి. మెత్తగా, ప్రతిఘటన లేకుండా పడిపోతుంటే క్లచ్ సర్దుబాటు కావాలి లేదా ప్లేట్లు అరిగిపోయాయి. ఎక్కుడులో బండి ఒక పక్కకి పోతోందంటే, ఆ పక్కనున్న స్టీరింగ్ క్లచ్ జారుతోందో, దాని బ్రేకు పట్టేస్తోందో చూడాలి. బ్రేకు పట్టేస్తే ఆ వైపు పెట్టె ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. పక్కన చెయ్యి పెడితే చాలు, ఏ మీటరూ అక్కర్లేదు.

చైన్ బిగువు కూడా బలాన్ని తినేస్తుంది. పై రోలరుకీ ముందున్న ఐడ్లరు చక్రానికీ మధ్య చైన్ ఒక అంగుళం అటూ ఇటూగా వేలాడాలి. కొందరు "చైన్ పడిపోతోంది" అన్న భయంతో వీణ తీగలా బిగించేస్తారు. తడి ఎర్రమట్టి చైన్‌ని తిప్పే స్ప్రాకెట్ పళ్ల మధ్య గట్టిపడితే మామూలు బిగువు కూడా అలాగే తయారవుతుంది. వానాకాలంలో సాయంత్రం పని దిగాక పారతో మట్టి గీకని బండి మర్నాడు పొద్దున్నే కొంత బలం పోగొట్టుకుని మొదలవుతుంది.

బరువా, వాలా?

ఇక అసలు విషయానికొస్తాను. కొండ ఎక్కేటప్పుడు బండికి రెండు వేర్వేరు సంగతులు ఒకేసారి జరుగుతాయి. దాని మీద బరువు పెరుగుతుంది. అది వాలుతుంది. ముక్కు పైకి లేచి, తోక కిందికి దిగుతుంది. ఏ లోపమైనా ఈ రెంటిలో ఒకదాని వల్లే బయటపడుతుంది. రెంటినీ విడదీసి చూడకపోతే మంచి పంపులు విప్పుకుంటూ కూర్చుంటాం.

చింతపల్లి దాటాక కాఫీ తోటల పక్కగా ఒక దారి వేస్తున్నప్పుడు ఇలాంటి బండి నా చేతికొచ్చింది. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, డీజిల్ ట్యాంకు ఆపరేటరు సీటు వెనక. ఎక్కుడులో కొంతసేపు బాగానే లాగి, తర్వాత నీరసపడుతోంది. పక్కకి తీసి చదునులో కాసేపు ఉంచితే మళ్లీ కోలుకుంటోంది. పొగ లేదు. కాంట్రాక్టరు అప్పటికే నిర్ణయానికి వచ్చేశాడు.

"రేపే పంపు విప్పించి విశాఖ పంపేద్దాం మేస్త్రీ. టెస్ట్ బెంచి మీద పెట్టిస్తే తేలిపోద్ది."

"బెంచి చదునుగా ఉంటుంది బాబూ. నీ దారి చదునుగా లేదు కదా," అన్నాను.

రెండు పరీక్షలు చేశాం. మొదటిది, చదును నేల మీద గట్టి మట్టిగట్టుకి బ్లేడు ఆనించి రెండో గేరులో నిండు థ్రాటిల్‌తో తోయించాను. ఇక్కడ బరువుంది, వాలు లేదు. ఇంజిన్ కాస్త నల్లపొగ కక్కుతూ బిగపట్టి తోసింది, చైన్లు నేలను చీల్చుకుంటూ తిరిగాయి. ఎంతసేపు తోయించినా నీరసం లేదు. అంటే పిస్టన్లు, నాజిళ్లు, పంపు, క్లచ్ అన్నీ బరువు మోయగలిగే స్థితిలోనే ఉన్నాయి.

రెండోది, అదే ఎక్కుడును రివర్స్‌లో ఎక్కించాను. బరువు అంతే, ఎత్తు అంతే, గాలి అంతే. మారిందల్లా వాలు దిశ. ఇప్పుడు తోక పైన, ముక్కు కింద. బండి హాయిగా ఎక్కేసింది. ఆపరేటరు నావైపు తిరిగి, "అన్నా, ఇదేంటి, ఎదురు తిరిగితే నడుస్తోంది?" అన్నాడు. ఆ ప్రశ్నలోనే జవాబుంది. లోపం బరువుది కాదు, వాలుది. పొగ లేదు కాబట్టి డీజిల్‌ది. ఒక్క స్పానర్ కూడా బయటికి తీయకముందే వెతకాల్సిన చోటు ట్యాంకుకీ, అందులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య ఉన్న గొట్టం దాకా కుదించుకుపోయింది.

గొట్టంలో జరిగేది

ట్యాంకు వెనక, ఫీడ్ పంపు ముందు ఇంజిన్ పక్కన. రెంటికీ మధ్య సుమారు రెండు మీటర్లు. చదును నేల మీద ట్యాంకులో డీజిల్ పంపుకంటే కొంచెం ఎత్తున ఉంటుంది కాబట్టి తన బరువుకి తనే జారి వస్తుంది. ఫీడ్ పంపుకి పెద్ద పనేమీ ఉండదు. ఐదుకి ఒకటి వాలులో ముక్కు పైకెత్తగానే ట్యాంకు పంపుతో పోలిస్తే 40 సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే ఇప్పుడు పంపు దాన్ని కిందనుంచి పైకి పీల్చాలి. వాల్వులు అరిగిన ముసలి ఫీడ్ పంపుకి అది కష్టం.

అంతకంటే పెద్ద సంగతి గొట్టం జాయింట్లది. చదునులో గొట్టం లోపల డీజిల్ బయటికి నెడుతూ ఉంటుంది, జాయింట్ వదులైతే చెమ్మ కారుతుంది. ఎక్కుడులో లోపల పీల్పు ఏర్పడుతుంది, అదే జాయింట్ బయటి గాలిని లోపలికి తాగుతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే, నీళ్లకు బదులు గాలి వస్తుంది. ఆ గాలి బుడగలు ఫిల్టరు గిన్నె పైభాగంలో మెల్లగా పోగుపడి, డీజిల్‌కి చోటివ్వకుండా చేస్తాయి. బండి కొంతసేపు లాగి తర్వాత నీరసపడటానికి ఆ పోగుపడే వ్యవధే కారణం.

రుజువు చూడాలంటే ఫీడ్ పంపుకి వచ్చే గొట్టంలో జానెడు ముక్క తీసి, దాని బదులు పారదర్శక ప్లాస్టిక్ పైపు బిగించాలి. చదునులో అందులో డీజిల్ ఒకటే ధార. ముక్కు పైకెత్తి కొంతసేపు నడిపాక చూస్తే బుడగలు వరసకట్టి పోతున్నాయి. ఆ పైపు పరీక్షకే, తర్వాత తీసెయ్యాలి. వేడికీ డీజిల్‌కీ అది గట్టిపడి ఊడిపోతుంది.

బుడగలు ఎక్కణ్నుంచో పట్టుకోవడానికి బండిని చదునులో పెట్టి, ట్యాంకు నింపి, గొట్టం పొడవునా గుడ్డతో తుడిచి, జాయింట్ల మీద పొడి ముగ్గుపిండి చల్లాను. పొద్దున్న వచ్చి చూస్తే ట్యాంకు కింద గొట్టాన్ని బిగించే బాంజో బోల్టు దగ్గర పిండి తడిసి మచ్చకట్టింది. రాగి వాషర్లు ఎన్నోసార్లు విప్పి బిగించడంతో గీతలు పడి ఉన్నాయి. కొత్త వాషర్లు వేసి, ఫీడ్ పంపు వాల్వులూ స్ప్రింగులూ కడిగి, అరిగిన వాల్వు మార్చి, గాలి తీసి ఎక్కించాం. వాషర్ల ఖరీదు టీ నీళ్ల ఖర్చుకు మించదు. ఇంజెక్షన్ పంపు తన చోటు కదల్లేదు. విశాఖ వెళ్లి ఉంటే బెంచి మీద అది బాగానే పనిచేసేది, తిరిగొచ్చి బిగించాక బండి మళ్లీ అదే చోట ఆగేది.

ఎక్కుడు బయటపెట్టే మరికొన్ని

అన్ని బళ్లకూ ఇదే జబ్బని చెప్పను. ఎక్కుడులో కనబడే లోపాలు ఇంకా ఉన్నాయి.

ట్యాంకు మూతలో గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. బండి నీరసపడగానే మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి దూరి, బండి కోలుకుంటే దొంగ దొరికినట్టే. ఇది మాత్రం ముందుకెక్కినా రివర్స్‌లో ఎక్కినా ఒకేలా కనబడుతుంది.

ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి పేరుకుని ఉంటాయి. బండి వాలగానే అవి డీజిల్ బయటికెళ్లే రంధ్రం వైపు చేరతాయి. రాత్రి చలికి ట్యాంకు లోపలి గోడలకు తేమ పడుతుంది, లంబసింగి వైపు శీతాకాలంలో మరీ ఎక్కువ. సాయంత్రమే ట్యాంకు నింపేస్తే తేమకి చోటుండదు. పొద్దున్న స్టార్ట్ చేయకముందు అడుగు డ్రెయిన్ విప్పి కాస్త వదిలితే సరిపోతుంది.

పాత బళ్లలో ఎయిర్ క్లీనర్ అడుగున ఆయిల్ గిన్నె ఉంటుంది. అందులో గీత దాటి ఆయిల్ పోస్తే, బండి వాలినప్పుడు ఇంజిన్ గాలితోపాటు ఆయిల్‌నీ పీల్చేస్తుంది. నీలంపొగతో ఆగితే అదృష్టం. ఎక్కువ పీలిస్తే థ్రాటిల్ మూసినా ఆగకుండా ఇంజిన్ తనంతట తానే పరుగెత్తే ప్రమాదముంది. తక్కువ పోస్తే దుమ్ము నేరుగా లైనర్లలోకి వెళ్తుంది. గీత దాకానే పొయ్యాలి.

నిలువు వాలులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతే అది బలం సమస్య కాదు, ప్రాణం సమస్య. ఇంజిన్ అడుగునున్న సంప్‌లో ఆయిల్ వెనక్కి పోయి ఆయిల్ పంపుకి అందట్లేదు. వెంటనే చదునుకి దింపి ఆయిల్ మట్టం చూడాలి.

కొండ మీద పరీక్షించేటప్పుడు

కొండ మీద బలం పోయిన బండిని ముందు బండిలా చూడకూడదు, జారబోయే 12 టన్నుల ఇనుములా చూడాలి. బ్లేడు నేలకు దించి, బ్రేకు లాక్ వేసి, చైన్ల వెనక పెద్ద రాళ్లు పెట్టాకే కిందికి దిగాలి. దారి మధ్యలో క్లచ్ తీసి న్యూట్రల్ చేయకూడదు. లివర్లతో తిప్పే పాత బళ్లలో ఇంకో మెలిక ఉంది. దిగుడులో బండి బరువే ఇంజిన్‌ని తోస్తున్నప్పుడు బ్రేకు తొక్కకుండా ఎడమ స్టీరింగ్ లివర్ ఒక్కటే లాగితే, అడ్డు పోయిన ఎడమ చైన్ వేగంగా పరిగెత్తి బండి కుడికి తిరుగుతుంది. లోయ పక్కన ఈ సంగతి తెలియనివాడి చేతికి అలాంటి బండి ఇవ్వకూడదు.

గాలి తీసేటప్పుడు ఇంజెక్టర్ పైపు దగ్గర వేలు పెట్టి "డీజిల్ వస్తోందా" అని చూసే అలవాటు కొందరికుంది. పాత నాజిళ్లు కూడా 200 బార్ ప్రాంతంలో తెరుచుకుంటాయి. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. ఆ తుంపర చర్మంలోంచి మాంసంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనబడినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

మెకానిక్‌ని పిలిచే ముందు ఒక కాగితం తీసుకుని ఇవి రాసిపెట్టండి: పొగ ఏ రంగు, ఇంజిన్ స్పీడు పడుతోందా లేక నడక ఒక్కటే పడుతోందా, చదునులో మట్టిగట్టుని తోస్తే ఎలా ఉంది, రివర్స్‌లో ఎక్కితే ఎలా ఉంది, ట్యాంకు మూత తీస్తే ఏమైనా మారిందా, ట్యాంకులో డీజిల్ ఎంతున్నప్పుడు నీరసపడింది. ఈ ఆరు జవాబులు చేతిలో ఉంటే మంచి మెకానిక్ ఫోన్‌లోనే సగం దారి చూపిస్తాడు. అవి అడగకుండా వచ్చీరాగానే పంపు విప్పేవాడికి టీ ఇచ్చి పంపించెయ్యండి.